ఆంగ్ల పదక్రీడలో మన ఇంటి మాటలు

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవంలో జరిగిన ఆంగ్ల పదక్రీడ పోటీకి మమ్మల్ని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టినారు. ఆంగ్లోపన్యాసకులు ఆనాడు సెలవులో ఉండుట చేత ఆ బాధ్యత తెలుగు శాఖ మీద పడినది. ఆ పోటీలో మేము ఒక తప్పు చేసినాము. తప్పు చిన్నదే, కాని దాని వెనుక ఉన్న సంగతి చిన్నది కాదని తరువాత తెలిసినది. అందుకే ఈ నాలుగు మాటలను విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

ఆట స్క్రాబుల్. గళ్ళ పలక మీద అక్షరపు బిళ్ళలు పేర్చి, ఒకరు కట్టిన మాటకు అడ్డంగానో నిలువుగానో మరొకరు మాట కట్టవలెను. చివరి ఆటకు ఇద్దరు మిగిలినారు. ఒకరు గుడివాడ నుండి రోజూ రైలులో వచ్చే బి.కాం. విద్యార్థి. రెండవవారు దివిసీమ అమ్మాయి. బందరులో పినతల్లిగారి ఇంట ఉండి బి.ఏ. చదువుచున్నది. ఆట ముగియవచ్చిన సమయానికి ఆమె చేతిలో క్యూ అక్షరం ఉన్నది, దానికి తోడు కావలసిన యు లేదు. కొంతసేపు బిళ్ళల వంక చూచి, క్యూ, ఏ, డి, ఐ అనే నాలుగింటిని వరుసగా పెట్టినది.

"ఇదేమి మాటమ్మా?" అని అడిగినాము.

"ఖాజీ అండి సార్. అరబ్బీ పాఠంలో ఖాదీ అని వస్తుందండి."

"అది ఇంగ్లీషు మాట కాదమ్మా. క్యూ తరువాత యు లేకుండా ఇంగ్లీషులో మాట ఉండదు" అని చెప్పి కొట్టివేసినాము. ఆమె వాదించలేదు. "అవునండి సార్, అది మా ఇంట్లో మాటే కదండీ" అని బిళ్ళలు వెనుకకు తీసుకొన్నది. పదకొండు మార్కుల తేడాతో ఓడిపోయినది. ఆ మాటకు వచ్చియుండవలసినవి పద్నాలుగు.

మరునాడు గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తెరచి చూచినాము. మాట ఉన్నది. అర్థం ఉన్నది. ఆ నాలుగు అక్షరాలే ఉన్నవి. పోటీనాడు మా బల్ల మీద చిన్న నిఘంటువు ఒకటి ఉండనే ఉన్నది. దానినైనా తెరవలేదు, పెద్దది తెప్పించి చూడలేదు. నియమం తెలుసునన్న ధీమా మాకు నిఘంటువు పని లేకుండా చేసినది. ఇంతకంటె మమ్మల్ని బాధించినది మరొకటి. ఆ అమ్మాయి "మా ఇంట్లో మాట" అన్నప్పుడు, ఇంటి మాట కనుక అది ఇంగ్లీషు కాజాలదని ఆమె ఎంత సులువుగా ఒప్పుకొన్నదో, మేమూ అంత సులువుగానే నమ్మినాము. ఆ మాట మా ఇంటి మాట కూడాను.

ఇక ఈ క్యూ సంగతి కొంచెం విచారింతము. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా వాస్తుశిల్పి 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చుని ఈ ఆటను కల్పించినాడు. వార్తాపత్రికల పుటలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చినదో చేతితో లెక్కించి, ఆ లెక్కను బట్టి బిళ్ళల సంఖ్యను, వాటి వెలను నిర్ణయించినాడు. మొత్తం నూరు బిళ్ళలు. అందులో ఇ అక్షరానివి 12, ఒక్కొక్కదాని వెల ఒక మార్కు. క్యూ ఒక్కటే, దాని వెల పది. యు బిళ్ళలు నాలుగు మాత్రమే. 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన దీనికి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మకానికి తెచ్చినాడు. క్యూ చేతికి వచ్చి యు రాకపోవుట ఈ ఆటలో పాత కష్టం. అందుచేతనే ఆటగాండ్రు క్యూ తరువాత యు రాని మాటల కోసం నిఘంటువులన్నీ గాలించి జాబితాలు కట్టుకొన్నారు. ఆ జాబితాను మేము ఇప్పుడు ముందు పెట్టుకొని చూచుచున్నాము. ఖాజీ ఉన్నాడు, ఫకీరు ఉన్నాడు, తలాకు ఉన్నది, నికాబు ఉన్నది, బురఖా ఉన్నది, వక్ఫు ఉన్నది, అరబ్బు అంగడియైన సూక్ ఉన్నది, తెగకు నాయకుడైన ఖాయిదు ఉన్నాడు. చీనావారి ప్రాణశక్తి పేరు ఒకటి రెండక్షరాలలో ఉన్నది; మరికొన్ని అక్కడక్కడివి. తక్కినది చాలవరకు బందరులోని ఏ ముస్లిం ఇంటి వసారాలోనైనా మధ్యాహ్నం పూట వినిపించే మాటలే.

ఖనాత్ అని మరొకటి ఉన్నది. పెండ్లిపందిళ్ళకు చుట్టూ కట్టే గుడ్డగోడను మనం కనాతు అంటాము, అది వేరు. ఆంగ్ల నిఘంటువులోనిది ఇరాను దేశపు భూగర్భ కాలువ. మన డెల్టాలో కృష్ణ నీరు అందరి కండ్ల ఎదుట గట్ల నడుమ నడుస్తుంది కాబట్టి, నేల క్రింద మైళ్ళ కొద్దీ కాలువ త్రవ్విన సంగతి మనకు వింతగా తోచును. బీదరులో అటువంటివి నేటికీ ఉన్నవి.

క్యూ తరువాత యు తప్పదనే నియమం ఎక్కడిదో కూడా తెలిసికొనవలెను. పూర్వపు ఆంగ్లంలో రాణిని తెలిపే మాటను సి, డబ్ల్యు అక్షరాలతో మొదలుపెట్టి వ్రాసేవారు. 1066లో నార్మనులు ఇంగ్లండును గెలిచిన పిమ్మట, ఫ్రెంచి అలవాటు గల లేఖకులు దానిని క్యూ, యులకు మార్చినారు. అనగా అది భాషలో పుట్టిన నియమం కాదు, లేఖకుల అలవాటు. క్యూ అనే అక్షరానికి అంతకంటె పాత చరిత్ర ఉన్నది. ఫినీషియనుల లిపిలో ఖోఫ్ అనే అక్షరం ఉండెడిది. అది గ్రీకుల ద్వారా లాటినుకు పోయి క్యూ అయినది. ఆ వంశంలోనే మరొక కొమ్మ అరబ్బీలో ఖాఫ్ అయినది. రెండూ ఒక తల్లి బిడ్డలు. అరబ్బీ పండితుల గ్రంథాలను ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చినప్పుడు, గొంతు లోపలి నుండి పలికే ఖాఫ్‌కు క్యూను వాడినారంటే, విడిపోయిన అన్నదమ్ములను ఒక చోటికి చేర్చినట్లే అయినది. అబ్జద్ లెక్కలో ఖాఫ్ విలువ నూరు. బట్స్ గారి లెక్కలో క్యూ విలువ పది. అక్షరానికి వెల కట్టే అలవాటు మన పెద్దలకు కొత్త కాదు. సమాధి రాళ్ళ మీద, మసీదు ద్వారాల మీద ఒక పద్యపాదంలోని అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వచ్చేటట్లు తారీఖులు కట్టినవారు వారు. సంస్కృతంలో కటపయాది సంఖ్యాపద్ధతి కూడా ఇటువంటిదే.

ఇక్కడ తెలుగు ఉపన్యాసకులుగా మేము ఒక మాట చెప్పవలసియున్నది. ఖాఫ్ మన ముస్లిం ఇండ్లకే పరిమితమైన అక్షరం కాదు. దివిసీమలో పొలం చేసే ఏ రైతు నోటనైనా అది దినమంతా ఆడుతూనే ఉంటుంది. కౌలు అన్నది ఖాఫ్ మాటే. కిస్తీ, కబ్జా, హక్కు, నకలు, ఖరారు, ఖాయం, ఖైదు, ఇవన్నీ ఖాఫ్ మాటలే. పొలం కౌలుకు తీసుకొని, కిస్తీ కట్టి, నకలు కోసం కచేరీ చుట్టూ తిరిగి, హక్కు ఖరారు చేయించుకొనే కౌలుదారు, తాను అరబ్బీ మాట్లాడుచున్నాననుకోడు. అనుకోవలసిన పని కూడా లేదు. అవి తెలుగు మాటలు. తాలూకా అన్నదీ ఆ జాతిదే. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయినవి; కాని ఆంగ్ల పదక్రీడల జాబితాలో తాలూకా కె అక్షరంతో నేటికీ పదిలంగా ఉన్నది.

ఈ మాటలను జాగ్రత్తగా చూచినవారికి మరొక విశేషం కనబడును. ఒకే ఖాఫ్ తెలుగులో కొన్నిచోట్ల క అయినది, కొన్నిచోట్ల ఖ అయినది. కౌలు, కబ్జా, కిస్తీ, హక్కు, నకలు ఒక వైపు. ఖరారు, ఖాయం, ఖైదు, ఖాజీ, బురఖా, ఖవ్వాలీ, ఖురాను మరొక వైపు. అరబ్బీ నియమం ప్రకారం ఖ రావలసినది ఖర్చు, ఖజానా, ఖబురు వంటి మాటలలో మాత్రమే. అక్కడి మూలాక్షరం ఖే. ఖాఫ్‌కు కూడా ఖ ఎందుకు వచ్చినది? దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు ఖాఫ్‌ను ఖేగా పలుకుతారన్నది అందరూ ఎరిగినదే. ఉత్తరాదివారు దీనిని ఎగతాళి చేయుట కూడా ఎరిగినదే. మన తరగతులలో ఉర్దూ ఉపాధ్యాయులు పిల్లల చేత ఆ అక్షరం దిద్దించి దిద్దించి అలసిపోవుచుందురు. ఆ పలుకుబడి విని తెలుగువారు వ్రాసికొన్నందువల్లనే ఖురాను, బురఖా అయినవని, సర్కారు కాగితాల ద్వారా వచ్చిన మాటలు క తోనే నిలిచినవని మా ఊహ. ఊహ తప్పయితే దిద్దగల పెద్దలు మన కళాశాలలోనే ఉన్నారు. ఏమైనను, ఎగతాళికి గురియైన ఒక పలుకుబడి సాక్ష్యం తెలుగు వ్రాతలో అచ్చుపడి ఉన్నదనుట చిన్న విషయం కాదు.

మన బందరుకు పేరు తెచ్చిన కలంకారీలోని కలం కూడా ఖాఫ్‌తో మొదలయ్యేదే. ఆంగ్లంలో దానిని కె తో వ్రాసినారు. క్యూతో వ్రాసియున్నచో ఆటగాండ్రకు పెడన అద్దకపువారు మరొక మాట దానం చేసినట్లయ్యేది.

పదాలను అక్షరాల అమరిక చేత వెదకుట పాశ్చాత్యుల వినోదమని, అందులో మనవారికి సంబంధం లేదని కొందరి అభిప్రాయం. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసిన గళ్ళ ప్రహేళికతో ఆధునిక పదక్రీడ మొదలైనమాట నిజమే. కాని అంతకు పదకొండు వందల సంవత్సరాలకు పూర్వం, 8వ శతాబ్దిలో, బస్రా నగరంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అనే మహాపండితుడు ఉండెను. అరబ్బీ ఛందస్సును శాస్త్రంగా కట్టినవాడు ఆయనే. అరబ్బీ భాషలోని ధాతువులన్నిటినీ ఒక్కటి జారిపోకుండా పట్టుకొనుట ఎట్లా అని ఆయన ఆలోచించినాడు. రెండక్షరాలను రెండు విధాలుగా పేర్చవచ్చును. మూడక్షరాలను ఆరు విధాలుగా, నాలుగింటిని ఇరువదినాలుగు విధాలుగా, ఐదింటిని నూటయిరువది విధాలుగా పేర్చవచ్చును. ఈ లెక్క ప్రకారం అక్షరాలను తారుమారు చేస్తూ పోయి, వచ్చిన ప్రతి అమరికను పరీక్షించి, ఇది వాడుకలో ఉన్నది, ఇది వాడుకలో లేదు అని విడదీసే పద్ధతి మీద కితాబుల్ ఐన్ అనే నిఘంటువును రూపొందించినాడు. నేటి ఆటగాడు ఏడు బిళ్ళలను చేతిలో పెట్టుకొని అటూ ఇటూ త్రిప్పి చేసే పని ఇదే కదా! ఆయన చేతిలో పలక లేదు, మార్కులు లేవు. భాష అంతా పలక.

ఆ తరువాతి అరబ్బీ నిఘంటుకారులు కొందరు మాటలను మొదటి అక్షరంతో గాక ధాతువు చివరి అక్షరంతో వర్గీకరించినారు. ఇబ్న్ మన్‌జూర్ 13వ శతాబ్దిలో కూర్చిన లిసానుల్ అరబ్ ఆ పద్ధతిదే. ప్రాస కావలసిన కవికి అది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. ఉర్దూ కవుల దీవానులలో గజళ్ళను పాదాల చివరి అక్షరం వరుసలో కూర్చుట మన విద్యార్థులు చూచియే ఉందురు. ఫలానా అక్షరంతో ముగిసే మాటలేవి అని నేడు ఫోనును అడుగుచున్నారే, ఆ ప్రశ్నకు ఆ పుస్తకాల కూర్పులోనే జవాబున్నది.

ఫైజీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. అక్బరు ఆస్థానకవియైన ఫైజీ 16వ శతాబ్ది చివర, చుక్క గల అక్షరం ఒక్కటి కూడా వాడకుండా, పవిత్ర ఖురానుకు అరబ్బీలో పూర్తి వ్యాఖ్యానం వ్రాసినాడు. అరబ్బీ లిపిలో సగానికి పైగా అక్షరాలకు చుక్కలున్నవి. వాటినన్నిటినీ మానుకొని వందల పుటలు వ్రాయుట ఎటువంటిదో ఒక్క పుట ప్రయత్నించి చూచిన వారికి తెలియును. మేము ఉర్దూలో ఒక ఉత్తరం అట్లా వ్రాయబోయి మూడవ వాక్యం దగ్గర కలం క్రింద పెట్టినాము.

తెలుగులో మాత్రం తక్కువ ఏమున్నది? ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, ఆయన కొలువులోని అధికారి అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన యయాతి చరిత్ర తొలి అచ్చతెనుగు కావ్యం. సంస్కృత సమం ఒక్కటి కూడా రాకూడదనే నియమం పెట్టుకొని వ్రాసిన కావ్యాన్ని ఒక ముస్లిం అధికారి ముచ్చటపడి స్వీకరించినాడు. రెండు శతాబ్దాలు దాటిన తరువాత ఇన్షా అల్లా ఖాన్ ఉర్దూలో అరబ్బీ, పారసీ మాటలు రాకుండా రాణీ కేతకీ కథ వ్రాసినాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసినట్లు లేదు. పంతం మాత్రం ఒక్కటే.

ఇక మన బందరు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఈ ఊరి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసినారు. విశ్వనాథ సత్యనారాయణగారు ఆయన వద్ద ఇక్కడే చదువుకొన్నారు. ఆ జంటకవులు ఊరూరా చేసిన అవధానాలలోని అంశాలను తలచుకొనండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఈ అక్షరం వాడరాదని అడ్డుపడును. దత్తపదిలో ఇచ్చిన మాటలన్నీ పద్యంలో ఇమడవలెను. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం పడవలెను. నేటి ఆటలో ఐదు గడులు చూపి, రెండవ గడిలో ఏ, నాలుగవ గడిలో ఐ, తక్కినవి నీవు పూరించు అనుటకు, న్యస్తాక్షరికి భేదమెక్కడ? భేదమున్నది. అవధాని గడులు నింపి ఊరుకొనుటకు వీలులేదు. ఆ నింపినది ఛందస్సులో నడవవలెను, అర్థం కలిగి ఉండవలెను, సభ మెచ్చవలెను.

అర్థం అన్న మాట వచ్చినది కాబట్టి మా అసలు అభిప్రాయం ఇక్కడ చెప్పెదము. నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజీలాండు దేశస్థుడు 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచినాడు. ఆయనకు ఫ్రెంచి రాదు. కొద్ది వారాలలో ఫ్రెంచి పదజాబితాను కంఠస్థం చేసి, ఆ భాష పుట్టుకతో వచ్చినవారిని ఓడించినాడు. 2024లో స్పానిషు పోటీలోనూ అట్లే గెలిచినాడు. ఆ జ్ఞాపకశక్తికి మేము తల వంచి నమస్కరింతుము. బ్రిటనులోను, మన దేశంలోను పోటీలకు ప్రమాణమైన కాలిన్స్ జాబితాలో 2,70,000కు పైగా మాటలున్నవి; వాటిలో సగం నేర్చుటయే సామాన్యుని వల్ల కాదు. అయినను ఆయన గెలిచినది ఆటను, భాషను కాదు. మన విద్యార్థులు జాబితాలు వల్లించి, అర్థం అడిగితే బిక్కమొగం వేయుట మేము పోటీలో చూచినాము. చిలకలపూడి నగలు మెరుగులో బంగారానికి తీసిపోవు. గిల్టని తెలిసి ధరించినవారు మోసపోరు కూడాను. బంగారమనుకొని కుదువపెట్టబోయినప్పుడు వచ్చును చిక్కు. ఉద్యోగానికి అర్జీ వ్రాయవలసి వచ్చిన నాడు మన పిల్లలకు వచ్చే చిక్కు అదే.

అట్లని అమరికలను వెదకుట నిరర్థకమని మేము అనము. వెదకిన కొద్దీ భాష స్వభావం తెలియును. ఎ, ఇ, ఐ, ఓ, యు ఐదూ వరుస తప్పకుండా ఒక్కొక్కసారే వచ్చే ఆంగ్లపదం కావలెనన్నప్పుడు, హాస్యధోరణి అనే అర్థం గల ఫెసీషియస్ అనే మాట దొరుకును. ఎం, టి అక్షరాలతో ముగిసేది అడిగినచో కలగన్నాడనే అర్థమిచ్చే డ్రెమ్ట్ తప్ప నిత్యవ్యవహారంలో మరొకటి తోచదు. వరుసగా మూడు జంట అక్షరాలు కావలెనన్నచో బుక్‌కీపర్ చాలును, మా బి.కాం. విద్యార్థులు దినమూ వ్రాసే మాట, ఒక్కరూ గమనించలేదు! అన్నిటికంటె మాకు నచ్చినది అన్‌కాపీరైటబుల్ అనే మాట: పదిహేను అక్షరాలు, ఒక్కటి కూడా మరల రాదు, పలక మీద గడులు కూడా ఒక్కొక్క వరుసకు పదిహేనే.

ఇదే చూపుతో తెలుగును చూడండి. ణ తోను, ళ తోను తెలుగు మాట మొదలుకాదు. ఉర్దూలో కూడా డె అనే అక్షరం మాట మొదట రాదు. బైత్ బాజీలో ఆ అక్షరంతో ముగిసే పద్యం వినిపించి ఎదుటివారిని ఇరుకున పెట్టవలెనని చూచే గడుసువారు ఉందురు. ఙ ఎక్కడ వచ్చును? వాఙ్మయం, పరాఙ్ముఖుడు, ఆపైన తడుముకొనవలెను. గళ్ళ నుడికట్టు కూర్చేవారికి తెలుగులో ఉన్న కష్టం ఆంగ్లంలో లేదు. అక్కడ ఇరువదియారు అక్షరాలు, గడికొకటి. ఇక్కడ ఒక్క గడిలో హల్లు, దాని గుణింతం, దాని ఒత్తు కలిసి కూర్చుండును. అడ్డం మాటలోని క్తి నిలువు మాటలోను క్తి కావలెను. క్త కుదరదు, క్తీ కుదరదు. ఇంత కట్టడిలో శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు నుడికట్టులు కూర్చి పాఠకులకు పెట్టినారన్నచో, వారికి అది పొద్దుపుచ్చు పని కాదనియే మా నమ్మకం.

ఆంగ్లంలోకి పోయిన తెలుగు మాటలను గూర్చి కూడా రెండు ముక్కలు. దివిసీమ గట్లను తొలిచే పందికొక్కు, బాండికూట్ అనే పేరుతో ఆంగ్లంలో చేరి, అంతటితో ఆగక ఆస్ట్రేలియాలో సంచి గల మరొక జంతువుకు కూడా పేరైనది. తొమ్మిది అక్షరాల మాట. పిట్ట అన్న మాట ఒక జాతి రంగుల పక్షికి శాస్త్రనామమై కూర్చున్నది. ఇక బందరు అని వ్రాసి మురిసిపోవలెనని జాబితా చూచినాము. బందర్ అనే మాట ఉన్నది, కాని రేవు అనే అర్థంలో కాదు. కోతి అనే అర్థంలో! హిందీ నుండి పోయినది అది. ఊరి అభిమానం గలవారు అర్థం చెప్పకుండా ఆడుకొనవచ్చును.

గుడివాడ రైలులో వచ్చే పిల్లలు ఈ మధ్య ఫోనులో ఐదక్షరాల ఆట ఒకటి ఆడుచున్నారు. వర్డిల్ అని దాని పేరు. జాష్ వార్డిల్ అనే ఆయన 2021లో లోకానికి విడుదల చేసినాడు. మరుసటి సంవత్సరం న్యూయార్కు టైమ్స్ పత్రిక దానిని కొన్నది. ఆరు ప్రయత్నాలలో దాగిన మాటను పట్టుకొనవలెను. కవుతరం దాటకముందే కొందరు ముగింతురట. ఎట్లా అని విచారించగా, తెలిసిన అక్షరాలు చెప్పి తెలియనిచోట ఖాళీలు పెట్టి అడిగితే, అమరే మాటలన్నీ ఫోనే వరుసగా చూపునని చెప్పినారు. దీనిని నేరమని మేము అనము. లిసానుల్ అరబ్ తిరగవేసిన కవిని నేరస్థుడని ఎవరనగలరు? కాని ఆ కవి పుట తిప్పునప్పుడు దారిలో పది మాటల అర్థాలు కంట పడేవి. ఫోను దారి లేకుండా చేర్చును.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. పోటీ మానవద్దు, పద్ధతి మార్చండి. పలక మీద మాట పెట్టిన ప్రతి విద్యార్థి దాని అర్థం చెప్పవలెను. అది ఏ భాష నుండి వచ్చినదో చెప్పగలిగినచో అదనంగా ఐదు మార్కులు ఇవ్వవలెను. ఒక పూట ఆంగ్ల పదక్రీడ జరిగినచో మరొక పూట న్యస్తాక్షరి, బైత్ బాజీ జరుగవలెను. పిల్లలు ఏ పూట కావలెనన్నా ఆ పూట కూర్చుందురు. గ్రంథాలయానికి రెండు పుస్తకాలు అవసరం. ఒకటి, యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్. మన దేశపు మాటలు ఆంగ్లంలోకి ఎట్లా పోయినవో చెప్పే కోశమది. దాని పేరే మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అన్న కేకను ఆంగ్ల సైనికులు తమకు వినబడినట్లు పలికిన రూపం. రెండవది, ఒకప్పుడు ఈ బందరులో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌను దొరగారు 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలను ఆయన అందులో ప్రత్యేకంగా సంకలనం చేసినాడు. కౌలు, కిస్తీ, హక్కు వంటి మాటల పుట్టుక వెదకే విద్యార్థి మొదట చేతికి తీసికొనవలసిన పుస్తకమది. ఈ రెండింటికి అయ్యే వ్యయం గత సంవత్సరం పోటీలో ఇచ్చిన బహుమతుల వ్యయం కంటె ఎక్కువ కాదు.

మరొక మనవి. పోటీల నమోదు పుస్తకంలో గత సంవత్సరపు పుట ఇంకను అట్లే ఉన్నది. ఆ ఫలితం ప్రక్కన సవరణ వ్రాసి సంతకం చేయుటకు అనుమతి కోరుచు ప్రిన్సిపాలుగారికి లేఖ ఇచ్చినాము. గెలిచిన గుడివాడ అబ్బాయికి కూడా విషయం చెప్పినాము. బహుమతిని తాను పంచుకొందునని అతడే అన్నాడు. ఆ అమ్మాయిని పిలిపించి, తప్పు మాదని, ఆ మాట నిఘంటువులో ఉన్నదని పుట తెరచి చూపినాము. ఆమె చాలాసేపు ఆ పుటనే చూచినది. తరువాత అడిగినది:

"అయితే ఫకీరు కూడా ఉన్నదాండి సార్?"

"ఉన్నదమ్మా. క్యూతోనే. పదిహేడు మార్కులు."